క్యాబిన్‌కు వేడి ఎక్కడి నుంచి: సైలెన్సర్ నుంచా, కూలెంట్ నుంచా?

గ్యారేజీవిమానం:
మిన్నెసోటాలో మా గ్యారేజీలో కడుతున్న రెండు సీట్ల జెనిత్ సీహెచ్ 750 విమానానికి రోటాక్స్ 912 యూఎల్ఎస్ ఇంజన్ బిగించడం పూర్తయింది. జనవరిలో ఇక్కడ నేల మీదే మైనస్ 20 డిగ్రీలుండే రోజులున్నాయి కనుక లోపల వేడి తప్పనిసరి. సైలెన్సర్ చుట్టూ రేకు తొడుగు బిగించి, ఆ సందులోంచి పోయిన గాలిని క్యాబిన్‌లోకి మళ్లించడం అందరూ చేసేదే. అయితే ఇంజన్ పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ ఆ గాలితో లోపలికి వస్తుందన్న భయంతో, కారు హీటరులో ఉండేలాంటి చిన్న రేడియేటరును కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) గొట్టాలకు కలపాలనుకుంటున్నాను. మీ అభిప్రాయం చెప్పగలరు.

పాతమెకానిక్:
మీ భయం సబబే గానీ, ఒక రోగానికి మందు వేసి మరో రోగం తెచ్చుకుంటున్నారు. ఆ ఇంజన్‌లో సిలిండర్ హెడ్లను చల్లబరిచేది కూలెంటే కనుక, మీరు కొత్తగా చేర్చే అతుకుల్లో ఏ ఒక్క క్లిప్పు వదులైనా పోయేది హీటరు ఒక్కటే కాదు, ఇంజన్ ఆపుకొని ఏ పొలంలోనో దిగవలసి రావచ్చు. పైగా కూలెంటులోని గ్లైకాల్ చిమ్మి అద్దానికి లోపలివైపు జిడ్డుగా పట్టిందంటే ఆ పొలం కూడా కనిపించదు. నేను ఏటా తొడుగు విప్పి, వాక్యూమ్ క్లీనర్‌తో పొగగొట్టంలోకి గాలి ఊది, వెల్డింగ్ అతుకుల మీద సబ్బునీళ్లు పూస్తాను. రెండేళ్ల కిందట ఒకచోట ఆవగింజంత బుడగలు వరుసగా లేచాయి; కంటికి మాత్రం అక్కడ పగులేమీ కనిపించలేదు.

తోకచక్రం:
మెకానిక్ గారూ, ఆ పగులు తనిఖీ అయిన మర్నాడే వచ్చి ఉంటే ఏమయ్యేది? 2019 జనవరిలో ఫుట్‌బాల్ ఆటగాడు ఎమిలియానో సాలా ప్రయాణించిన పైపర్ మాలిబు అనే చిన్న విమానం ఇంగ్లిష్ చానల్‌లో కూలిపోయింది. ఆయన రక్తంలో కార్బాక్సీహిమోగ్లోబిన్ (కార్బన్ మోనాక్సైడ్ పట్టేసిన హిమోగ్లోబిన్) 58 శాతం ఉన్నట్టు పరీక్షలో తేలింది. అది ఫ్యాక్టరీలో తయారైన విమానం, మనలా ఇంట్లో కట్టుకున్నది కాదు. కార్బన్ మోనాక్సైడ్ తగిలితే రంగు మారే చీటీని నేను నమ్మను. దాని వైపు చూడాలని తట్టడానికే మెదడు సరిగా పనిచేయాలి కదా. అంకె చూపిస్తూ, అలారం మోగించే పరికరం ఉంటేనే తొడుగు పద్ధతికి ఒప్పుకుంటాను.

పాతమెకానిక్:
అలారం విషయంలో నాకు అభ్యంతరం లేదు. వేడిగాలిని ఆపే తలుపు మాత్రం ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య మంటను ఆపే గోడ) దగ్గర స్టెయిన్‌లెస్ స్టీల్‌తోనే ఉండాలి. అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగిపోతుంది, పెట్రోలు మంట అక్కడితో ఆగదు.

గ్యారేజీవిమానం:
కరెంటుతో వేడెక్కే కోట్లు కూడా ఆలోచించాను. అయితే 912 జనరేటరు ఇచ్చేది దాదాపు 250 వాట్లు. ఇద్దరికి రెండు కోట్లు, రేడియో, లైట్లు పోగా బ్యాటరీకి మిగిలేది తక్కువ.

తోకచక్రం:
ముందు చలి ఎటునుంచి వస్తోందో చూడండి. చాలా విమానాల్లో తోకలోని గాలి సీట్ల వెనక నుంచి ముందుకు తోసుకొస్తుంది. నేను సీట్ల వెనక గుడ్డ తెర కట్టి, తలుపు అంచులకు రబ్బరు అంటించాక, అంతవరకు చాలదనుకున్న అదే హీటరుతో చేతి తొడుగులు తీసి నడపగలిగాను.

గ్యారేజీవిమానం:
అయితే తెరతో మొదలుపెడతాను. కూలెంట్ గొట్టాలను కదపను. తొడుగు, స్టీలు తలుపు, అలారం మూడూ బిగించాకే మొదటిసారి ఎగురుతాను.