తెలుగు వీడియో ఆటకు సొంత ఫాంటు: సంభాషణలన్నిటికీనా, ఆట పేరుకు మాత్రమేనా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
మేము ముగ్గురం కలిసి, ఆటలు తయారు చేసే సాఫ్ట్‌వేర్ గోదాట్ 4లో ఒక చిన్న సాహస ఆటను తయారు చేస్తున్నాము. కథ మహేంద్రగిరి చుట్టూ నడుస్తుంది కనుక, తాటాకు మీద గంటంతో వ్రాసినట్టు కనిపించే తెలుగు అక్షరాలను నేనే గీశాను. ఆట పేరును ఆ అక్షరాలలో చూసి అందరూ మెచ్చుకున్నారు. సంభాషణలు కూడా వాటితోనే సాగాలని నేనంటున్నాను. పేరును బొమ్మగా పెట్టి, మిగిలినదంతా ఉచితంగా దొరికే ఫాంటుతో నడిపిద్దామని మా మిత్రుడు అంటున్నాడు. పాత్ర నోరు విప్పగానే కార్యాలయపు ఉత్తరంలోని అక్షరాలు కనిపిస్తే, అంతవరకు కట్టిన లోకం అక్కడే చెదిరిపోదా?

రాయగడ కోడరు
మీ మిత్రుడి మాటే సరైనది. పేరుకు పది పన్నెండు ఆకారాలు చాలు. సంభాషణల సంగతి అలా కాదు. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరానికి యూనికోడ్‌లో ఆరు సంకేతాలు వరుసగా వస్తాయి: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. చివర వచ్చిన ఆ గుడి స మీదికి ఎక్కాలి, రెండు వత్తులు ఒకదానినొకటి ఒరుసుకోకుండా కుదురుకోవాలి. గోదాట్ 3లో ఈ కూర్పు జరిగేది కాదు. 2023లో వచ్చిన గోదాట్ 4లో అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ ఉన్నందున జరుగుతుంది. అయితే ఏ వత్తు ఎక్కడ నిలవాలో చెప్పే ఓపెన్‌టైప్ నియమాలు ఫాంటులోనే ఉండాలి, వాటిని వ్రాయవలసింది మీరే. అందమైన అక్షరాలు గీసి, ఈ నియమాల దగ్గర ఆగిపోయిన ఫాంట్లను నేను చాలా చూశాను.

పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారి పేరుతోనే గూగుల్ ఫాంట్స్‌లో ఒక ఫాంటు ఉంది. మీ ఊరి ఆటకు అంతకంటే ఏం కావాలి? ఓపెన్ ఫాంట్ లైసెన్సు ప్రకారం దానిని ఆటతో కలిపి అమ్ముకోవచ్చు, విడిగా మాత్రం అమ్మకూడదు. ఆకారాలు మారిస్తే, మార్చిన ఫాంటును మళ్ళీ అదే లైసెన్సు కింద ఇవ్వవలసి ఉంటుంది.

బోర్డుల బాబాయి (బరంపురం)
కంప్యూటరు సంగతి నాకు తెలియదు కాని, ముప్పై ఏళ్ళుగా ఒడియా, తెలుగు రెండింటిలోనూ బోర్డులు వ్రాస్తున్నాను. మహేంద్రతనయ గారు పెట్టిన నమూనాలో థ లోపలి చుక్క గీతలో కలిసిపోయి ధ లాగా ఉంది. ద కింద చిన్న గీత పెడితే ధ, లోపల చుక్క కూడా పెడితే థ. ‘కథ’ అనే మాటే చదవలేకపోతే కథ ఎవరికి చెబుతారు? ఒడియా అక్షరానికి పైనున్న గొడుగు పెద్దది కనుక అక్కడ ఎంత సోకు చేసినా చెల్లుతుంది. మన తలకట్టు చిన్నది, దానిని సాగదీస్తే పక్క అక్షరానికి తగులుతుంది.

ఇంకొక మాట. గంటం గీత అంతటా ఒకే సన్నదనంతో ఉంటుంది, మసి రుద్దితేనే అక్షరం పైకి తేలుతుంది. మీరు గీసిన లావు సన్నాలు కుంచెవి, గంటానివి కావు. వాటిని తీసేస్తే తాటాకు పోలికా వస్తుంది, చిన్న సైజులో చదవడానికీ వీలవుతుంది. అప్పుడు సంభాషణలకు వాడినా నాకు అభ్యంతరం లేదు.

రాయగడ కోడరు
బాబాయి గారు చెప్పింది ఒప్పుకుంటాను, కాని సైజు చిక్కు తీరలేదు. సంభాషణ వరుసకు 16 పిక్సెళ్ళే ఇచ్చి, గుడికీ వత్తుకూ చోటు వదిలితే, అసలు అక్షరానికి మిగిలేది ఐదారు పిక్సెళ్ళు. వరుస ఎత్తు పెంచకుండా ఏ ఫాంటు పెట్టినా దండగే. ఆటగాడు తన పేరు తానే వ్రాసుకునే చోట, మీరు గీయని వత్తు రానే వస్తుంది. అక్కడ ప్రత్యామ్నాయ ఫాంటు పెట్టినా, ఒకే పేరులో రెండు రకాల అక్షరాలు పడతాయి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
పేరు వ్రాసుకునే గడికి వేరే ఫాంటు పెట్టడానికి ఒప్పుకుంటున్నాను. సంభాషణల విషయంలో మాత్రం నా మాట మారలేదు. కథ పాఠం ముందే సిద్ధంగా ఉంది కాబట్టి, అందులో నిజంగా వచ్చే వత్తులనే ఏరి గీస్తాను. వరుస ఎత్తు 28కి పెంచాను. ఈ రాత్రి లావు సన్నాలు తీసేసి థ ను మళ్ళీ గీస్తాను. రేపు ‘కథ’, ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ మూడింటినీ ఆట తెర మీదనుంచే ఫొటో తీసి ఇక్కడ పెడతాను, బాబాయి గారు చూసి చెప్పాలి.