ఎల్‌కేజీ టీచర్ కావాలంటే ఆరు నెలల కోర్సు సరిపోతుందా, రెండేళ్ల డిప్లొమా చేయాలా?

గునుగుపువ్వు (కాజీపేట):
అందరికీ నమస్కారం. నేను బీకాం చదివాను. మా పాపకు మూడేళ్లు. ఏడాదిగా ఒక చిన్న ప్రైవేటు బడిలో నర్సరీ పిల్లల దగ్గర సహాయకురాలిగా ఉంటున్నాను. మొదట్లో ఇంటికి దగ్గరని చేరాను. ఇప్పుడు సెలవు రోజున కూడా ఆ పిల్లలే గుర్తొస్తున్నారు. ఇదే నా పని అని తేలిపోయింది. దానికి తగిన చదువు చదువుకోవాలి. హనుమకొండలో ఒక శిక్షణ కేంద్రం వాళ్లు ఆరు నెలల ఎన్‌టీటీ (నర్సరీ టీచర్ శిక్షణ) చేస్తే చాలు, ఎక్కడైనా ఉద్యోగం ఖాయమని చెబుతున్నారు. శుక్రవారంలోగా ముప్పై వేలు కట్టమన్నారు. ఈ దారిలో నడిచినవాళ్లు దయచేసి చెప్పండి.

చింతగింజ (జనగామ):
చెల్లీ, శుక్రవారం డబ్బు కట్టకండి. నేను కట్టి నష్టపోయాను. నాది ఏడాది కోర్సు. ధ్రువపత్రం చూడటానికి ఎంతో అందంగా ఉండేది. ఒక కేంద్ర విద్యాసంస్థ బాలవాటికలో, అంటే ఒకటో తరగతికి ముందు తరగతుల్లో, కాంట్రాక్టు ఉద్యోగానికి వెళితే, పరిశీలన బల్ల దగ్గరే పక్కన పెట్టేశారు. కేంద్రీయ విద్యాలయాల బాలవాటికలకు ఇంటర్‌లో 50 శాతం మార్కులతో పాటు కనీసం రెండేళ్ల నర్సరీ లేదా ప్రీస్కూల్ డిప్లొమా గానీ, బీఎడ్ నర్సరీ గానీ ఉండాలి. అది కూడా ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) గుర్తింపు ఉన్న కళాశాల నుంచే రావాలి. నేను కోర్సు చేసిన చోట ఆ మాట ఎవరూ చెప్పలేదు. అడగాలని నాకూ తెలియలేదు.

మన రాష్ట్రంలో సరైన దారి డీఈఈసెట్, అంటే రెండేళ్ల టీచర్ డిప్లొమాలకు ప్రవేశ పరీక్ష. ఇంటర్‌లో 50 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 45. పదిహేడేళ్లు నిండితే రాయవచ్చు. ఒకే పరీక్షతో రెండు కోర్సులకు ప్రవేశం ఉంటుంది. వాటి తేడా తెలియక చాలామంది ఇబ్బంది పడుతున్నారు. మొదటిది డీఎల్‌ఎడ్, ప్రాథమిక తరగతుల కోసం. అది చేసినవాళ్లు టెట్ (టీచర్ అర్హత పరీక్ష) మొదటి పేపరు రాసి, డీఎస్సీ అనే ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్షలో ఎస్‌జీటీ (ప్రాథమిక తరగతుల టీచర్) పోస్టుకు పోటీ పడవచ్చు. రెండోది డీపీఎస్‌ఈ (ప్రీస్కూల్ విద్య డిప్లొమా), పూర్తిగా బడి ముందు వయసు పిల్లల కోసం. దానితో టెట్ రాయడానికి కుదరదు. ఐదో తరగతి దాకా చెప్పాలనుంటే మొదటిది, మూడేళ్ల పిల్లలే లోకమనుకుంటే రెండోది. కౌన్సెలింగ్‌లో కళాశాల పేరు పక్కన కోర్సు పేరు కూడా రెండుసార్లు చూసుకోండి.

నర్సంపేట నాన్న:
నేను టీచర్ను కాదు, తండ్రిని. మా బాబుకు నాలుగేళ్లు. ‘ఒకటి నుంచి వంద దాకా రాయించండి’ అని రోజూ ఇంటిపని ఇస్తారు. వాడు పెన్సిలు చూస్తేనే మంచం కిందకు దూరుతున్నాడు. శిక్షణ పొందిన టీచర్లు కూడా ఇలాగే చేయిస్తారా?

రెండో బ్యాచ్ (హనుమకొండ):
నేను డీపీఎస్‌ఈ చేశాను. అన్నా, మీ బాబు మొండివాడు కాదు. ఆ వయసులో మణికట్టు, వేళ్లు ఇంకా గట్టిపడలేదు. మా మేడమ్ మొదటి నెల పిల్లలకు ఒక్క అక్షరం కూడా మమ్మల్ని చెప్పనివ్వలేదు. మట్టి పిసికించడం, పాత వార్తాపత్రికలు చింపించడం, తడిబట్ట పిండించడం, చెంబుతో నీళ్లు ఒంపించడం, ఇవే పనులు. ఇందుకేనా రెండేళ్లు అనిపించింది నాకు. తర్వాత ఇంటర్న్‌షిప్‌లో ఒకే పాపను రోజూ పదిహేను నిమిషాలు గమనించి రాయమన్నారు. ‘పాప అల్లరి చేసింది’ అని రాస్తే కొట్టేసేవారు. ‘అల్లరి అనేది నీ అభిప్రాయం, పాప ఏమి చేసిందో రాయి’ అనేవారు. అప్పుడు చూడటం మొదలుపెట్టాను. ఆ పాప గోడ వైపు కూర్చున్నప్పుడు బాగానే ఉండేది, కిటికీ వైపు కూర్చోబెట్టినప్పుడే లేచి తిరిగేది. చోటు మార్చాం, అంతే. ఆరు నెలల పుస్తకంలో నాకు ఇది దొరికేది కాదు.

జీతం విషయం కూడా దాచకుండా చెబుతాను. నా మొదటి జీతం తొమ్మిది వేలు. అది తెలిసే రండి.

వాగు ఒడ్డు (ఏటూరునాగారం):
నేను అంగన్‌వాడీ టీచర్ని. మా దగ్గరకు వచ్చేవాళ్లు చాలావరకు కోయ పిల్లలు. ఒక సంగతి చెప్పాలి. నేను చేరిన కొత్తలో ఒక బాబు ‘ఏరు, ఏరు’ అని ఏడ్చాడు. ఊరి పక్కనే వాగు. అటు పోతానంటున్నాడేమోనని భయపడి తలుపు గడియ వేశాను. వాడు ఇంకా ఏడ్చాడు. మా ఆయమ్మ పరుగున వచ్చి గ్లాసుతో నీళ్లు ఇచ్చింది. కోయలో ఏరు అంటే నీళ్లు. దాహమైన పసివాడికి నేను తలుపు వేశాను. ఇప్పటికీ తలచుకుంటే గుండె కలుక్కుమంటుంది. ఆ సాయంత్రమే ఆయమ్మ దగ్గర కూర్చుని నోటుపుస్తకంలో యాభై మాటలు రాసుకున్నాను. ఆకలి, నొప్పి, అమ్మ, ఇల్లు, భయం, ఒంటికి వెళ్లాలి... ఏ డిప్లొమా చేసినా, ములుగు వైపో ఉట్నూరు వైపో వస్తే ముందు ఆ పిల్లల ఇంటి మాటలు నేర్చుకోండి.

అంగన్‌వాడీ అంటే ముంగిట్లో బడి. విద్యావేత్త తారాబాయి మోదక్ మహారాష్ట్రలోని బోర్డీ, కోస్బాడ్ ప్రాంతంలో ఆదివాసీ పిల్లల కోసం బడిని వాళ్ల ముంగిళ్లకే తీసుకెళ్లారు. 1975 అక్టోబరు 2న మా అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి పథకం) మొదలైంది. మమ్మల్ని గుడ్లు, పాలు పంచేవాళ్లుగానే చూస్తారు కానీ 2020 విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్లను ఒకే పునాది దశగా చూసింది. ఇంటర్ చదివిన అంగన్‌వాడీ టీచర్లకు ఆరు నెలల సర్టిఫికెట్, అంతకంటే తక్కువ చదివినవాళ్లకు ఏడాది డిప్లొమా ఇవ్వాలని అందులో ఉంది. కాజీపేట చెల్లీ, ఆ ఆరు నెలల మాట ఇప్పటికే పనిలో ఉన్న మాలాంటి వాళ్ల కోసం. దాన్ని చూపించి ఎవరైనా కోర్సు అమ్మితే నమ్మకండి.

చింతగింజ:
అక్కా, మీ నోటుపుస్తకంలోని మాటలు వీలైతే ఇక్కడ రాయండి. లంబాడీ మాటలు తెలిసినవాళ్లు కూడా.

గునుగుపువ్వు:
అందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను. నిన్న ఆ కేంద్రానికి వెళ్లి ఎన్‌సీటీఈ గుర్తింపు ఉత్తర్వు చూపించమని అడిగాను. సొసైటీ రిజిస్ట్రేషన్ కాగితం చూపించారు. అది సంఘం నమోదు మాత్రమే కదా అన్నాను. ‘ఇంతవరకు ఎవరూ అడగలేదమ్మా’ అన్నారు. డబ్బు కట్టకుండా వచ్చేశాను.

ఇంట్లో రాత్రి పెద్ద చర్చే జరిగింది. రెండేళ్లు పాప ఎలా అని మా ఆయన ఆందోళన. నేను చూసుకుంటానని మా అత్తమ్మ అన్నది. డీఈఈసెట్ రాస్తాను, డీపీఎస్‌ఈనే పెట్టుకుంటాను. అప్పటిదాకా రోజుకు ఒక పిల్లవాడిని చూసి రాయాలనుకుంటున్నాను. ఈ రోజు మొదటి పేజీ రాసి చదువుకుంటే అందులో ‘మంచివాడు’ అని మూడుసార్లు ఉంది. కొట్టేశాను. రేపు లెక్కపెట్టించడానికి చిక్కుడు గింజలు తీసుకెళ్లాలనుకుంటున్నాను, సరేనా?

రెండో బ్యాచ్:
మూడేళ్లవాళ్లకు గింజలు వద్దు, ముక్కులో చెవిలో పెట్టుకుంటారు. చెరువు మట్టి మెత్తగా తడిపి, గుప్పిట్లో పట్టేంత ముద్దలు చేసి తీసుకెళ్లండి. మట్టి అంటిన చేతులు తుడవడానికి పాత చీర ముక్కలు మాత్రం మరచిపోకండి. బతుకమ్మ రోజులు వచ్చాక తంగేడు, గునుగు వేరువేరు బుట్టల్లో వేయించవచ్చు.