అప్‌డేట్: స్కూబా కోసం ఉద్యోగం మానేయాలా అని అడిగాను కదా

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి అండమాన్‌లో డైవింగ్ ఇన్‌స్ట్రక్టర్ అవ్వాలా అని ఆమధ్య అడిగాను. "ముందు లెక్కలు చూసుకో" అన్నవాళ్లకు థాంక్స్. ఉద్యోగం మానలేదు, డైవింగూ మానలేదు.

లెక్క చూస్తే ఆ దారి చిన్నది కాదు. పాడీలో (డైవర్లకు శిక్షణ, సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థ, PADI) ఇన్‌స్ట్రక్టర్ కంటే ముందు మెట్టయిన డైవ్‌మాస్టర్ కావాలంటేనే లాగ్‌బుక్‌లో 60 డైవ్‌లు ఉండాలి, ఇన్‌స్ట్రక్టర్ పరీక్షకు 100. నా దగ్గరున్నది మొదటి మెట్టు సర్టిఫికెట్, ఓపెన్ వాటర్ కార్డు; అది 18 మీటర్ల లోతు వరకే. పైగా వానాకాలంలో అక్కడ సముద్రం అల్లకల్లోలం. ఆ నెలలు ఎలా గడవాలి?

ఉద్యోగం చేస్తూనే వారాంతాల్లో అండమాన్ వెళ్లి రావాలంటే అసలు చిక్కు విమానం. వరుసగా డైవ్‌లు చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. ఒంట్లో చేరిన నైట్రోజన్ పోకముందే పైకెళితే బుడగలు కట్టి కీళ్లు పట్టేస్తాయి, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. అంటే ఆదివారం మధ్యాహ్నం నీళ్లలో ఉండి సోమవారం పొద్దున్నే ఫ్లైట్ పట్టుకోవడం కుదరదు. మేనేజర్‌కి ఇదే చెప్పాను. ఆయనకి నైట్రోజన్ సంగతి అర్థమైందో లేదో గానీ (మొహం చూస్తే అనుమానమే), సోమవారాలు సెలవు ఇస్తానన్నారు. బదులుగా సంక్రాంతికి ఆన్‌కాల్ నాది. అమ్మకి ఈ బేరం ఇంకా మింగుడు పడలేదు.

మామూలు వారాంతాల్లో వైజాగ్ రుషికొండ. శుక్రవారం రాత్రి రైలు, ఆదివారం సాయంత్రం మళ్లీ రైలు. నీళ్లు అండమాన్ అంత తేటగా ఉండవు, అయినా సరే. జలుబు చేస్తే మాత్రం టికెట్ క్యాన్సిల్. నీళ్లలో దిగేకొద్దీ చెవులపై ఒత్తిడి పెరుగుతుంది, జలుబుంటే ముక్కు మూసి ఎంత ఊదినా చెవులు తెరుచుకోవు.

ఫిబ్రవరిలో అడ్వాన్స్‌డ్ కోర్సు. డబ్బు కట్టేశాను.