మా పాప మొదటి ఈత పోటీకి ఇంటివాళ్లం ఎలా సిద్ధపడాలి?

ప్రశ్న: హన్మకొండ నుంచి ఒక తల్లి

మా పాపకు తొమ్మిదేళ్లు. రెండేళ్ల క్రితం ఎండాకాలం సెలవుల్లో, నీళ్లంటే భయం పోతే చాలనుకుని ఈత శిబిరంలో చేర్పించాము. సెలవులు అయిపోయినా తాను మానలేదు. ఇప్పుడు వారానికి ఐదు రోజులు తెల్లవారకముందే లేచి వెళ్తోంది. వచ్చే నెల గచ్చిబౌలిలో జరిగే పోటీలకు 50 మీటర్ల ఫ్రీస్టైల్‌లోను, 50 మీటర్ల బ్రెస్ట్ స్ట్రోక్‌లోను కోచ్ గారు తన పేరు ఇచ్చారు. పాప నిబ్బరంగానే ఉంది. నిబ్బరం లేనిది మాకే.

మా ఇంట్లో ఇంతవరకు ఏ ఆటలోనూ పోటీకి వెళ్లినవారు లేరు. మా మామగారు పరకాల దగ్గరి ఊళ్లో నడుముకు బెండ్లు కట్టుకుని మోటబావిలో ఈత నేర్చినవారు. బావిలో దూకినవాడు గట్టెక్కితే అదే గెలుపని ఆయన నవ్వుతారు. అత్తగారికి ఈత దుస్తుల విషయంలో మనసు ఒప్పడం లేదు. పైకి అనరు గాని, ఆ మాట వచ్చినప్పుడల్లా లేచి వంటింట్లోకి వెళ్తారు. మా వారు స్టాప్‌వాచ్ కొన్నారు. రోజూ కొలను గట్టున నిలబడి సెకన్లు లెక్కపెట్టి, తిరిగి వచ్చే దారిలో బండి మీదనే పాపకు వాటిని వివరిస్తున్నారు. పాప వింటోందో నిద్రపోతోందో నాకు తెలియదు.

ముందు రోజే హైదరాబాద్ చేరుకోవాలా, ఏమి తినిపించాలి, ఎంతమందిమి వెళ్లాలి, ఒకవేళ అందరికన్నా వెనుక వస్తే ఆ క్షణంలో ఏమనాలి? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం: కాజీపేట నుంచి ఒక తండ్రి

సోదరీ, మా అబ్బాయి నాలుగేళ్లుగా పోటీల్లో పాల్గొంటున్నాడు కనుక మీ వారి స్టాప్‌వాచ్ దగ్గరి నుంచే మొదలుపెడతాను. మొదటి పోటీ రోజు నేను గ్యాలరీలో కూర్చోకుండా రెయిలింగ్ దాకా దిగి వచ్చి, వాడి లేన్ వెంబడి నడుస్తూ, పేరు పెట్టి అరుస్తూ, ఒక చేత్తో ఫోన్‌లో వీడియో తీశాను. ఇంటికి వచ్చి ఆ వీడియో చూసుకుంటే, ఊపిరి కోసం తలను పక్కకు మాత్రమే తిప్పవలసిన పిల్లవాడు ప్రతిసారీ తలను పూర్తిగా పైకెత్తి నా కోసం వెతుకుతున్నాడు. తల లేచినప్పుడల్లా నడుము కిందికి దిగుతోంది, నడుము దిగినప్పుడల్లా వేగం పడిపోతోంది. ఆ రోజు వాడు పోగొట్టుకున్న సెకన్లలో కొన్ని నావే. మరుసటి పోటీ నుంచి నేను పై వరుసలో కూర్చుంటున్నాను, స్టాప్‌వాచ్ వాడి కోచ్ దగ్గరే ఉంటోంది.

ఇంకొక ముఖ్యమైన సంగతి కొలను పొడవు. మీ పాప రోజూ ఈదేది 25 మీటర్ల కొలనే అయితే, 50 మీటర్లకు మధ్యలో ఒక గోడ దొరుకుతుంది, అక్కడ తిరిగి కాళ్లతో తన్నుకుని కొంత దూరం తేలికగా జారిపోవచ్చు. 2002 జాతీయ క్రీడల కాలం నాటి గచ్చిబౌలి కొలను 50 మీటర్లది. అందులో ఆ గోడ ఉండదు, తన్ను ఉండదు, ఒకటే సాగు. కనుక ఇక్కడి టైమ్ కన్నా అక్కడి టైమ్ ఎక్కువ రావడం సహజం. ఈ సంగతి ముందుగా తెలియని తండ్రి అక్కడ స్టాప్‌వాచ్ చూసుకుని పాప సరిగా ఈదలేదనుకుంటాడు, నేనూ అలాగే అనుకున్నాను.

2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆఫ్రికా దేశమైన ఈక్వటోరియల్ గినీ నుంచి వచ్చిన ఎరిక్ ముస్సంబాని అంత పెద్ద కొలనును చూడడం అదే మొదలు. 100 మీటర్ల ఫ్రీస్టైల్ హీట్‌లో, అంటే కొద్దిమంది చొప్పున జరిపే తొలి విడతలో, తనతో ఉన్న ఇద్దరూ సిగ్నల్ కన్నా ముందే దూకి అనర్హులు కాగా, ఆయన ఒక్కడే ఈది 1 నిమిషం 52.72 సెకన్లకు గోడ ముట్టాడు. చివరి మీటర్లలో మునిగిపోతాడేమోనని చూసేవారు భయపడ్డారు. వీలైతే పోటీకి ముందు రోజు సాయంత్రం పాపను ఆ కొలను దగ్గరికి తీసుకువెళ్లి, ఈ చివర నిలబెట్టి ఆ చివర చూపించండి. అది చాలు.

హన్మకొండ నుంచి గచ్చిబౌలికి 150 కిలోమీటర్లు దాటుతుంది, ఉదయం ఏడింటికే వార్మప్ పెట్టేవారున్నారు కనుక అదే రోజు బయలుదేరడం నేను సూచించను. బస్సులో వెళ్తే ఉప్పల్‌లో దిగి, కాజీపేట నుంచి రైలులో వెళ్తే సికింద్రాబాద్‌లో దిగి, అక్కడి నుంచి మెట్రోలో మారకుండా రాయదుర్గం దాకా పోవచ్చు. ఆ తరువాత ఆటో సరిపోతుంది.

సమాధానం: కరీంనగర్ నుంచి ఒక తల్లి

మీ మెసేజ్ చదువుతుంటే మా ఇల్లే కనిపించింది. అత్తగారి సంగతి ముందు చెబుతాను. మా బాపమ్మకూ, అంటే మా పిల్లల బాపమ్మకూ, అదే సంకోచం ఉండేది. ఎంత నచ్చజెప్పినా కాలేదు. ఒక ఉదయం ఏమీ చెప్పకుండా ఆమెను కొలనుకు తీసుకుపోయి గట్టున కుర్చీ వేసి కూర్చోబెట్టాను. పది, పదిహేను మంది ఆడపిల్లలు టోపీలు పెట్టుకుని నీళ్లల్లో అటూ ఇటూ తిరుగుతుంటే ఆమె చూసిన మొదటి విషయం, మా అమ్మాయి వణుకుతూ పైకి రావడం. తన కొంగుతోనే తల తుడవబోయింది. ఆ తరువాత దుస్తుల మాట రాలేదు. మోకాళ్ల దాకా ఉండే ఈత దుస్తులు కూడా దుకాణాల్లో దొరుకుతాయి, పోటీల్లోనూ పిల్లలు వాటిని వేసుకుంటారు, అదీ ఆమెకు చెప్పవచ్చు.

ఇక మాకు జరిగిన పొరపాటు వినండి. మొదటి పోటీలో మా అమ్మాయి ఒక ఈవెంట్‌లో ఈదనే లేదు, కారణం పేరు. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, ఎంట్రీలో అదే ఎక్కింది. మైకులో పిలిచినవారు ఇంటిపేరును, అదీ తమ యాసలో, రెండుసార్లు పిలిచి ఊరుకున్నారు. ఇంట్లో చిన్నీ అని, బడిలో వేరే పేరుతో పిలిపించుకునే పిల్లకు అది తన పేరేనని తోచలేదు. నేను పక్కనే ఉన్నాను, నాకూ తోచలేదు. కనుక ఇంటి దగ్గరే పది రోజుల పాటు పాపను కాగితం మీద ఉన్న పూర్తి పేరుతో, ఇంటిపేరుతో సహా, గట్టిగా పిలవండి. నవ్వుకుంటుంది, పరవాలేదు. హీట్ షీట్, అంటే ఎవరు ఏ విడతలో, ఏ లేన్‌లో ఈదాలో చూపే కాగితం, చేతికి రాగానే ఈవెంట్ నంబరు, హీట్, లేన్ మూడూ బాల్‌పెన్నుతో ఆమె ఎడమ చేతి మీద రాయండి. మావాళ్లు పచ్చబొట్టు లాగా గర్వంగా చూసుకుంటారు. పిలుపు వచ్చే చోటు ఎక్కడో వార్మప్ కాగానే కనుక్కుని, ఒకరు అక్కడే ఉండండి, ఇద్దరూ టీకి పోకండి.

తిండి విషయంలో కొత్త ప్రయోగాలు వద్దు. పోటీకి రెండు మూడు గంటల ముందు ఇడ్లీ గాని, ఉప్మా గాని, అలవాటైనది ఏదైనా పెట్టండి. రెండు ఈవెంట్ల మధ్య అరటిపండు, ఒక పల్లీ పట్టి ముక్క, గుటక గుటకగా నీళ్లు. నీళ్లల్లో ఉన్నప్పుడు చెమట పట్టినట్టు తెలియదు కనుక పిల్లలు దాహమని అడగరు, మనమే అందించాలి. బాపమ్మ సర్వపిండి కట్టి ఇస్తుంది, అది పోటీ అంతా అయ్యాక బస్సులో తినడానికి. మధ్యలో తింటే ఏమవుతుందో మా అమ్మాయి రెండో పోటీలో తెలిసింది, వివరాలు వద్దు లెండి.

రోజంతా ఎదురుచూడడమే, సోదరీ. ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం మూడు దాకా కూర్చుంటే పాప నీళ్లల్లో ఉండేది రెండు నిమిషాలు. ఆ ఎనిమిది గంటలను ఎలా గడపాలో ముందే అనుకోండి: ఒక దుప్పటి, ఒక పాత స్వెటర్, కాళ్లకు సాక్సు, ఏదైనా బొమ్మల పుస్తకం. ఈదిన వెంటనే తడి దుస్తులతో కూర్చోబెడితే ఒళ్లు చల్లబడి, రెండో ఈవెంట్‌కు కండరాలు బిగుసుకుంటాయి.

సమాధానం: వరంగల్ నుంచి, విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు

అమ్మా, నేను పలు పోటీల్లో టర్న్ జడ్జిగా, అంటే గోడ దగ్గర నిలబడి పిల్లల టచ్‌ను చూసే బాధ్యతలో పనిచేశాను. వెనుక వస్తే ఏమనాలని మీరు అడిగారు గాని, తొమ్మిదేళ్ల పిల్లలు మొదటి పోటీలో ఎక్కువగా ఏడ్చేది వెనుక వచ్చినందుకు కాదు, అనర్హులైనందుకు. ఆ మాట మీకు ముందే తెలిసి ఉండాలి.

మీ పాప ఈదే రెండు ఈవెంట్లలో ఫ్రీస్టైల్‌తో అంత ప్రమాదం లేదు. అలసిపోతే ఆగవచ్చు, లోతు తక్కువ ఉన్నచోట అడుగున నిలబడవచ్చు కూడా, అడుగున నడవరాదు, లేన్ తాడును పట్టి లాగుతూ ముందుకు పోరాదు. చిక్కు అంతా బ్రెస్ట్ స్ట్రోక్‌లో ఉంటుంది. గోడను రెండు చేతులతో, విడివిడిగా, ఒకేసారి ముట్టాలి. పక్క లేన్‌లో పిల్ల దగ్గరికి వచ్చేసిందని తొందరపడి ఒక చేయి ముందు చాచినవారిని నేను లెక్కలేనంత మందిని చూశాను. అరచేయి వెడల్పు తేడాతో చేయి ముందు తగులుతుంది, తప్పు జరిగిందని నేను చేయెత్తుతాను, ఆ పిల్ల మాత్రం గెలిచానని నవ్వుతూ తల్లి వైపు చూస్తుంది. నా ఉద్యోగంలో నాకు బరువనిపించేది అదొక్కటే. కాళ్లు కూడా రెండూ కలిసి, పాదాలు బయటికి తిరిగి తన్నాలి, ఒక కాలు కత్తెరలా పోతే అదీ తప్పే. ఇంట్లో గోడకు ఎదురుగా నిలబడి రెండు అరచేతులు ఒకేసారి ఆనించే ఆటను రోజూ ఐదు నిమిషాలు ఆడించండి.

ఈలల వరుస పాపకు చెప్పి ఉంచండి. రెఫరీ ముందు చిన్న చిన్న ఈలలు వేస్తారు, అప్పుడు టవల్, స్వెటర్ తీసివేయాలి. తరువాత ఒక పొడుగాటి ఈల, అప్పుడు బ్లాక్, అంటే దూకే తిన్నె, ఎక్కాలి. ‘టేక్ యువర్ మార్క్స్’ అన్నాక వంగి కదలకుండా ఉండాలి, సిగ్నల్ వచ్చాకే దూకాలి. ముందు దూకితే రెండో అవకాశం లేదు. బ్లాక్ నీటి మీద అర మీటరు నుంచి ముప్పావు మీటరు ఎత్తు ఉంటుంది. మీ కొలనులో బ్లాక్ లేకపోతే, తగినంత లోతున్న చోట, కోచ్ సమక్షంలో ఎత్తు నుంచి దూకడం పాపకు ముందే అలవాటు కావాలి. వార్మప్‌లో మాత్రం రద్దీ ఉంటుంది కనుక దూకకుండా కాళ్లు ముందుగా దిగాలి.

గోడ ఎంత దూరంలో ఉందో తెలియక పిల్లలు చివర్లో తల ఎత్తుతారు. లేన్ తాడు పూసల రంగు గోడకు 5 మీటర్ల ముందు మారుతుంది, అడుగున ఉన్న నల్లగీత గోడకు 2 మీటర్ల ముందే అడ్డగీతతో ఆగిపోతుంది. ఆ రెండు గుర్తులు చెబితే తల దించుకునే చేరుకోగలదు.

అనర్హత ప్రకటిస్తే మీ వారు అధికారుల దగ్గరికి వెళ్లి వాదించకూడదు. అభ్యంతరం ఉంటే కోచ్ గాని, జట్టు బాధ్యులు గాని 30 నిమిషాల లోపు రాతపూర్వకంగా ఇస్తారు. అప్పుడు మీరు పాపను దుప్పటిలో చుట్టి పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ తప్పు జరిగిందో కోచ్ చెబుతారు, మీరు చెప్పకండి. వయసు విషయం కూడా ఒకటి గుర్తుంచుకోండి: పోటీలో వయసు గ్రూపును ఆ సంవత్సరం డిసెంబర్ 31 నాటికి నిండే వయసును బట్టి నిర్ణయిస్తారు. మీ పాప నవంబర్‌లోనో డిసెంబర్‌లోనో పుట్టి ఉంటే, పక్క లేన్‌లో ఉన్నది దాదాపు ఏడాది పెద్దదైన పిల్ల కావచ్చు.

తిరిగి అడిగినది: హన్మకొండ తల్లి

అందరికీ ధన్యవాదాలు. మీ సమాధానాలు మా వారికి చదివి వినిపించాను. స్టాప్‌వాచ్‌ను కోచ్ గారికి ఇస్తానన్నారు, ఇచ్చేదాకా నమ్మను. పాప డిసెంబర్ 9న పుట్టింది, ఆ లెక్క మాకు తట్టనే లేదు. నిన్నటి నుంచి మామగారు గడప దగ్గర నిలబడి ఇంటిపేరుతో సహా పూర్తి పేరు పిలుస్తున్నారు, పాప లోపలి గదిలోంచి ‘లేన్ నంబర్ ఐదు’ అని అరుస్తోంది. ఒకే ఒక సందేహం మిగిలింది. దూకినప్పుడు గాగుల్స్ జారిపోతే ఆగి సర్దుకోవచ్చా?

సమాధానం: విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు

ఆగకూడదనే నియమం లేదమ్మా, కాని ఆగితే సమయం పోతుంది, ఒకసారి ఆగిన పిల్ల మళ్లీ ఊపు అందుకోవడం కష్టం. 2008 బీజింగ్ ఒలింపిక్స్ 200 మీటర్ల బటర్‌ఫ్లై ఫైనల్‌లో అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ గాగుల్స్ నీళ్లతో నిండిపోతే, ఆయన గోడ కనిపించక తన చేతుల బారలు లెక్కపెట్టుకుంటూ వెళ్లి 1 నిమిషం 52.03 సెకన్ల ప్రపంచ రికార్డుతో గెలిచారు. మీ పాప తన కొలనులో గాగుల్స్ లేకుండా వారానికి ఒక్కసారైనా ఒక నిడివి ఈదాలి, ఎన్ని బారలకు గోడ వస్తుందో లెక్క చెప్పగలగాలి. దూకేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనితే గాగుల్స్ సాధారణంగా జారవు. గాగుల్స్ పట్టీని ముందు పెట్టి, దాని మీద టోపీ తొడిగితే ఇంకా మంచిది. రెండో జత బ్యాగులో ఉంచండి, అయితే పోటీకని కొన్న కొత్త జత వద్దు. పాప ముఖానికి కుదురుకునేలా ఇప్పటికే పది, పదిహేను రోజులు వాడి ఉన్న జతనే పెట్టండి.