ఖరీదైన ట్రంపెట్ కొంటే జాజ్ నాదం వస్తుందా?

ఇత్తడిపిట్ట (ప్రశ్న):
యమహా వైటీఆర్ 2330 ట్రంపెట్, దానితో వచ్చిన 11బీ4 మౌత్‌పీస్ (పెదవులు ఆనించి ఊదే ముక్క) మీద జాజ్ సాధన. స్టాఫ్ (స్వరాలు రాసే ఐదు గీతలు) పైనున్న జీ స్వరం దాటితే నాదం పలచబడి గీకినట్టు వస్తోంది. మైల్స్ డేవిస్, చెట్ బేకర్ రికార్డుల్లో వినిపించే మెత్తదనం రావడం లేదు. బాక్ స్ట్రాడివేరియస్ గానీ యమహా జెనో గానీ తీసుకుంటే ఇది మారుతుందా? రెండు మూడు లక్షల మాట కాబట్టి తెలిసినవాళ్ళు వివరంగా చెప్పగలరు.

మూడోవాల్వు:
ఇత్తడిపిట్ట గారూ, ముందు కొలతలు చూడండి. మీ 2330 గొట్టం లోపలి వ్యాసం 11.65 మిల్లీమీటర్లు. జెనో 8335దీ 11.65. బాక్ స్ట్రాడివేరియస్ 180ఎస్37 కూడా .459 అంగుళాలు, అంటే అదే కొలత. ధరలో ఇంత తేడా ఉన్నా గాలి దాదాపు ఒకే వెడల్పు దారిలో పోతుంది. తేడా అంతా లీడ్‌పైపు (మౌత్‌పీస్ దూర్చే మొదటి గొట్టం) ఎలా విప్పారింది, బెల్ (శబ్దం బయటికొచ్చే వెడల్పు చివర) ఎలా తెరుచుకుంది, అతుకులు ఎంత నున్నగా ఉన్నాయి అన్న వాటిలో ఉంటుంది. పైన వెండి పూతా, లక్కరా (పారదర్శకమైన వార్నిష్ లాంటి పూత) అన్నదానికి వినేవాడి చెవి దాకా చేరే ప్రభావం చాలా తక్కువ.

ఇక మీరు చెప్పిన ఇద్దరి సంగతి. 1950ల్లో మైల్స్ ఊదింది మార్టిన్ కమిటీ అనే ట్రంపెట్. చెట్ బేకర్ ఊదిందీ మార్టిన్ కమిటీయే. మరో జాజ్ ట్రంపెటర్ లీ మోర్గన్ కూడా అదే. ముగ్గురిలో ఎవరి నాదమూ ఇంకొకరిది అనిపించదు. చెట్ బేకర్ తర్వాత కాన్ కాన్‌స్టలేషన్ ట్రంపెట్‌కి మారాడు, 1960ల మధ్యలో ఫ్లూగల్‌హార్న్ (ట్రంపెట్‌కి దగ్గరి వాద్యం) ఊదాడు. ఏది పట్టినా రెండు స్వరాలు వినగానే అతనే అని తెలిసిపోతుంది. పెదవుల బిగువు, నాలుక ఎత్తు, గాలి వేగం, స్వరం మొదలెట్టే తీరు: నాదం అక్కడ పుడుతోంది.

మైల్స్ హైమ్ మౌత్‌పీస్ వాడేవాడు, దాని కప్పు లోతు. మెత్తదనం కోసం డబ్బు పెట్టాలంటే ముందు పెట్టాల్సింది మౌత్‌పీస్ మీదే. 11బీ4 ఇంచుమించు బాక్ 7సీ లాంటిది. 3సీ లేదా దానికంటే కొంచెం లోతు కప్పు ఉన్నది ప్రయత్నించండి. 7సీ వ్యాసం 16.20 మిల్లీమీటర్లు, 3సీ 16.30. అంకె చూస్తే తేడా ఏమీ లేదనిపిస్తుంది గానీ, అంచు ఆకారం మారితే పెదవికి వెంటనే తెలుస్తుంది. కప్పు లోతు పెరిగితే నాదం మెరుపు తగ్గి మెత్తబడుతుంది, పై స్వరాలకు శ్రమ పెరుగుతుంది. కనీసం మూడు వారాలు ఊదాకే నిర్ణయం తీసుకోండి.

పిస్టన్ బాబాయ్:
కొనేముందు ఉన్నదాన్ని పరీక్షించండి. "నా ట్రంపెట్ బాగోలేదు" అనేవాటిలో చాలా మటుకు గాలి కారడమే.

మొదటి వాల్వు నొక్కకుండా దాని స్లైడును (లాగగలిగే గొట్టం ముక్క) రెండు సెంటీమీటర్లు బయటికి లాగి ఐదు అంకెలు లెక్కపెట్టండి. తర్వాత వాల్వు నొక్కండి. 'టప్' మని శబ్దం వస్తే బిగుతు బాగున్నట్టే. రెండో, మూడో వాల్వుకీ ఇలాగే చేయండి. శబ్దం రాకపోతే పిస్టన్ (వాల్వు లోపల పైకీ కిందికీ కదిలే ముక్క) అరిగి ఉండొచ్చు, లేదా స్లైడుకి గ్రీజు లేకపోవచ్చు. ముందు గ్రీజు రాసి చూడండి, అప్పటికీ రాకపోతే కొంచెం చిక్కటి వాల్వు నూనె మూడు నాలుగు చుక్కలు. నీళ్ళు వదిలే మీట కింది బెండు (కార్క్) పాడైనా గాలి కారుతుంది, అది మార్చడానికి ఖర్చు నామమాత్రం.

రెండోది, పిస్టన్ల వరస. వాల్వు పైన ఉన్నప్పుడు ఎంత ఎత్తులో ఆగాలో లోపలి ప్యాడు నిర్ణయిస్తుంది, నొక్కినప్పుడు ఎక్కడ ఆగాలో బటన్ కింది ఫెల్టు నిర్ణయిస్తుంది. ఇవి నలిగిపోతే పిస్టన్ రంధ్రం, గొట్టం రంధ్రం ఎదురెదురుగా రావు. గాలి దారిలో మెట్టు పడుతుంది, స్వరం మసకగా మొదలవుతుంది. కొత్త ఫెల్టులు వేయగానే తేలికపడుతుంది.

లీడ్‌పైపులో పేరుకున్న మడ్డి ఇంకో కారణం. నెలకోసారి పిస్టన్లు విడిగా పెట్టి, గోరువెచ్చని నీళ్ళు, గిన్నెలు తోమే ద్రవసబ్బు, పొడవాటి బ్రష్షు. వేడినీళ్ళు వద్దు, లక్కరు లేచిపోతుంది.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను. పేరూ ఊరూ లేని మరీ చవక ట్రంపెట్ల సంగతి వేరు. వాటిలో పిస్టన్ మెత్తటి లోహం, శ్రుతి అస్తవ్యస్తం. 2330 ఆ కోవలోది కాదు.

ఇత్తడిపిట్ట:
మొదటి రెండింటికీ శబ్దం వచ్చింది, మూడోదానికి రాలేదు. గ్రీజు తెప్పిస్తాను. మరి పేరున్న వాద్యకారులు ఖరీదైనవి ఎందుకు కొంటారు? జాజ్ ట్రంపెటర్ వింటన్ మార్సాలిస్ ఖరీదైన మోనెట్ ట్రంపెట్ ఊదుతాడు కదా?

మూడోవాల్వు:
ఊదేవాడికి వచ్చే లాభం వేరు, వినేవాడికి వినిపించేది వేరు. మంచి ట్రంపెట్‌లో స్వరం తన గడిలో తాను కూర్చుంటుంది, పెదవితో లాగి సరిచేసే పని తగ్గుతుంది. రెండు గంటల కచేరీలో ఆ శ్రమ మిగలడం చిన్న సంగతి కాదు. మెల్లగా ఊదినా స్వరం వెంటనే పలుకుతుంది. వేగంగా ఊదేటప్పుడు వాల్వులు తడబడవు. మోనెట్ బరువు ఎక్కువ, చేతికి తెలిసే ప్రకంపన కూడా వేరు. ఆ స్పర్శ నచ్చినవాడికి అది విలువైనదే.

అయితే ఖరీదైనదానిలో కూడా 1, 3 వాల్వులు కలిపి నొక్కితే వచ్చే కింది డీ, మూడూ కలిపి నొక్కితే వచ్చే సీ షార్ప్ ఉండాల్సినదానికంటే ఎక్కువ శ్రుతిలోనే ఉంటాయి. మూడో స్లైడు డీకి ఒక సెంటీమీటరు పైన, సీ షార్ప్‌కి దాదాపు రెండింతలు తోయాలి. వాల్వులు కలిపినప్పుడు గొట్టం పొడవు చాలకపోవడం దీనికి కారణం. ధర దాన్ని మార్చలేదు.

జాజ్ ట్రంపెటర్ డిజ్జీ గిలెస్పీ ఉదాహరణ నాకు చాలా ఇష్టం. 1953లో అతని ట్రంపెట్ బెల్ ప్రమాదవశాత్తూ పైకి వంగింది. తన శబ్దం తనకు ముందే వినిపిస్తోందని, ఆ తర్వాత అలాగే వంచి చేయించుకున్నాడు. అతనికి కావలసింది తన చెవికి అందే దారి.

నల్లమ్యూట్:
మైల్స్ మెత్తదనంలో సగం హార్మన్ మ్యూట్ (నాదం మార్చడానికి బెల్‌లో దూర్చే బిరడా లాంటిది), మైకు. మ్యూట్ మధ్యలోని సన్న గొట్టం పూర్తిగా తీసేసి, మ్యూట్ చివరని మైకుకి నాలుగైదు సెంటీమీటర్ల దూరంలో పెట్టి మెల్లగా ఊదండి. మ్యూట్ పెడితే శ్రుతి పెరుగుతుంది, ట్యూనింగ్ స్లైడు కొంచెం బయటికి లాగాలి. మ్యూట్ బెండు చుట్టూ సమంగా ఆనకపోతే పక్కల నుంచి గాలి పోయి ఆ సన్నని బుజబుజ రాదు.

మ్యూట్ లేని మెత్తదనమే కావాలంటే రెండో ట్రంపెట్ కన్నా ఫ్లూగల్‌హార్న్ మేలు. దాని గొట్టం ఎక్కువ భాగం శంఖంలా విప్పారుతూ పోతుంది, నాదం నిజంగానే మారుతుంది.

అంతా చూశాక కూడా జెనో కొనాలనిపిస్తే, దుకాణానికి మీ మౌత్‌పీస్, మీ 2330 రెండూ తీసుకెళ్ళండి. ఒకే పాట రెండింటి మీదా చాలా మెల్లగా ఊదండి, ట్యూనర్ పెట్టుకుని. తోడొచ్చినవాళ్ళని ఐదారు అడుగుల దూరంలో వెనక్కి తిరిగి నిలబడి ఏది ఏదో చెప్పమనండి, కనీసం పదిసార్లు. జాబితా రాసుకోండి.