అప్‌డేట్: పెరటి కంచె గుంజల సంగతి

కావలి దగ్గర మా పెరటికి వేసిన సరుగుడు కర్రల కంచె రెండేళ్లకే ఒరిగిపోతోందని, గుంజలు సరిగ్గా నేల మట్టం దగ్గరే ఎందుకు పుచ్చుతున్నాయని గతంలో అడిగాను. గాలీ తేమా కలిసే చోటు అదే కనుక కుళ్ళు అక్కడే మొదలవుతుందని మీలో కొందరు చెప్పారు. పాత గుంజను పెరికి చూస్తే అడుగు భాగం గట్టిగానే ఉంది, నేల దగ్గర జానెడు మేర మాత్రం వేలితో నొక్కగానే పొడిగా రాలింది.

ఈసారి బెరడు ఒలిచి, నీడలో బాగా ఆరబెట్టిన గుంజలకు కింది కొస నుంచి మూడడుగుల వరకు తారు రెండు పూతలు పూసి, రెండడుగుల గుంటలో ముందుగా కంకర పోసి నిలబెట్టాము; చుట్టూ వేసిన కాంక్రీటును నేలకంటే కాస్త ఎత్తుగా, నీరు బయటికి జారేలా వాలుగా తీర్చాము. మేస్త్రీ గుంట అడుగున కూడా సిమెంటు పోయబోయాడు గానీ, నీరు దిగే దారి మూసుకుపోతుందని నేనే ఆపాను. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊరు కనుక జింకు పూత ఉన్న గాల్వనైజ్డ్ మేకులే వాడాము.

ఈశాన్య రుతుపవనాల వానలు రెండుసార్లు వచ్చి వెళ్లాయి, గేటు గుంజ తప్ప మిగతా గుంజలు కదలలేదు. నేలను తాకుతున్న ఒక్క పలకకు మాత్రం చెదలు మట్టి గూడు కట్టడంతో దాని అడుగును నాలుగు వేళ్ల మేర కోసేశాము. గేటు బరువుకు ఒరుగుతున్న గుంజకు ఇంకా ఏటవాలు ఊత కొట్టాల్సి ఉంది.