సమస్య: చెక్కు చెదరని సౌధమ్ము శిథిలమయ్యె (తేటగీతి ఛందస్సు; ఇది చివరి పాదంగా మిగతా మూడు పాదాలూ సభ్యులు పూరించాలి)

ఈ వారం సమస్య లండన్‌లోని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ పాత భవనం గురించి. వాస్తుశిల్పి సర్ జాన్ సోన్ 1788 నుంచి 1833 దాకా దాన్ని కట్టించాడు. ఆయన దగ్గర పనిచేసిన జోసెఫ్ గాండీ 1830లో ఆ భవనాన్ని శిథిలంగా చిత్రించాడు. అప్పటికి అది నిక్షేపంగా ఉంది!

మొదటి పూరణ:

సోను కట్టిన మేడను చూచి గాండి
కూలినట్టుగ రంగుల కుంచెతోడ
గీసి చూపగ నాతని కేలివలన
చెక్కు చెదరని సౌధమ్ము శిథిలమయ్యె

— యతులన్నీ (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండాల్సిన పొందిక) కుదిరాయండీ. అయితే "కేలివలన" అంటే గాండీయే కూల్చాడన్న అర్థం వస్తోంది. పాపం, ఆయన బొమ్మ మాత్రమే వేశాడు. పైకప్పు తీసి లోపలి గదుల అమరిక చూపించడానికే అలా వేశాడని చెప్పేవాళ్లూ ఉన్నారు. "గీసి చూపగ బొమ్మలో కేవలమ్ము" అంటే ఎలా ఉంటుంది?

— బాగుంది గురువుగారూ, మారుస్తాను.

రెండో పూరణ:

బేకరను శిల్పి లోపల పెఱికివైచె
గదుల నన్నిటి, వెలుపలి గట్టి గోడ
నిలిచె నొక్కటె, వీథిలో నిలిచి చూడ
చెక్కు చెదరని సౌధమ్ము, శిథిలమయ్యె

— ఆ చివరి పాదంలో విరుపు చూసి చాలాసేపు అక్కడే ఆగిపోయాను. జరిగింది అచ్చంగా ఇదే. 1925 నుంచి 1939 దాకా హెర్బర్ట్ బేకర్ కొత్త బ్యాంకు కట్టినప్పుడు సోన్ హాళ్లు దాదాపు అన్నీ పోయాయి, చుట్టుగోడ మిగిలింది. ఇప్పటికీ థ్రెడ్‌నీడిల్ వీధిలో నడిచేవాళ్లకి కనిపించేది ఆ గోడే. పై నుంచి వెలుగు దిగే ఆ గుమ్మటాల గదులు పోవడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. ఒక్క సవరణ: "నిలిచె", "నిలిచి" పక్కపక్కనే వచ్చాయి. "వీథిలో నేగి చూడ" అనండి, యతి చెడదు.

మూడో సభ్యురాలు ఒక్క పాదమే పంపారు: "గోడ కిటికీయె లేదట, వెలుగు పైన".

— అమ్మా, భావం చక్కగా ఉంది. దోపిడీ భయంతో వీధి వైపు కిటికీలు పెట్టలేదు కదా. కానీ గో–వె యతి కుదరదు. "గోడ" తీసి "వీథి" పెట్టండి: "వీథి కిటికీయె లేదట, వెలుగు పైన". వీ–వె సరిపోయింది. మధ్యలో రెండు పాదాలు రాసి పంపండి, ఎదురుచూస్తుంటాం.